పాత సీరియల్‌ను మళ్లీ చూడటం, కొత్త సీజను కోసం ఎదురుచూడటం: మా ఇంట్లో కుదిరిన పద్ధతి

2022 జనవరి 2, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మేము ఐదుగురం కలిసి ‘అమృతం’ అనే పాత హాస్య సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టుకున్నాము. కాకినాడలో మా ఇంట్లో అమ్మ, నేను, మా అమ్మాయి. హైదరాబాదులో అక్క. మెల్‌బోర్న్‌లో తమ్ముడు. మొత్తం 313 ఎపిసోడ్లు. ఆదివారానికి మూడు చొప్పున చూస్తే 104 ఆదివారాలకు 312 అవుతాయి, ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలిన ఒక్కటి 2023 డిసెంబరు 31న చూశాము. మధ్యలో పెళ్లిళ్లు వచ్చాయి, మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు వచ్చాయి, అమ్మకు కంటి ఆపరేషను జరిగింది. తప్పిపోయిన వారాన్ని మధ్యలో ఏదో ఒక రాత్రి కూర్చుని పూడ్చుకున్నామే తప్ప వదిలిపెట్టలేదు.

అది తెలిసిన దగ్గరి నుంచి బంధువుల్లో, నేను పని చేసే కళాశాల గ్రంథాలయంలో చాలామంది అడుగుతున్నారు, అంత పాత సీరియల్‌ను అంతకాలం ఎలా చూశారని. తాము మొదలుపెట్టి పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయామని చెబుతారు. “అప్పుడు ఎంత బాగుండేదో, ఇప్పుడు అంతగా అనిపించలేదు” అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే చాలాసార్లు అది సీరియల్ గురించిన అభిప్రాయం కాదు, జ్ఞాపకానికీ తెరకూ కుదరని లెక్క. ఆ లెక్క తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చూడకముందు రాయాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. మొదటి ఎపిసోడ్ పెట్టకముందే ఒక నోటుబుక్కు తీసి, ఆ సీరియల్ గురించి మీకు గుర్తున్నదంతా రాయండి. ఎవరినీ అడగవద్దు, ఫోనులో వెతకవద్దు. తప్పులుంటే ఉండనివ్వండి. ఆ తప్పులే మనకు కావాలి.

నా పేజీలో మూడు సంగతులు ఉన్నాయి. కథానాయకుడు అమృతం అంటే హర్షవర్ధన్. కథంతా అమృత విలాస్ హోటల్లోనే జరుగుతుంది. అద్దె కోసం పీడించే అప్పాజీ చెడ్డవాడు. ఇవి రాసి, తేదీ వేసి, పుస్తకం మూసి, మొదటి ఎపిసోడ్ పెట్టాను. తెర మీద అమృతంగా శివాజీ రాజా కనిపించారు. ఒక్క క్షణం వేరే సీరియల్ పెట్టామేమో అనుకున్నాను. అమ్మ మాత్రం కదలకుండా, “మొదట ఈయనే. తర్వాత నరేష్ వచ్చాడు. ఆ తర్వాతే హర్షవర్ధన్. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు” అంది. నిజమే. 2001 నవంబరు 18న జెమిని టీవీలో అది మొదలైనప్పుడు నేను ఇంట్లో లేను. నేను చూడటం మొదలుపెట్టింది తర్వాత. నా జ్ఞాపకంలోని సీరియల్ నేను చేరిన చోట మొదలైంది, అసలు సీరియల్ అంతకు ముందే మొదలైంది.

అప్పాజీ విషయం ఇంకా పెద్దది. చిన్నప్పుడు ఆయన వస్తున్నాడంటేనే నాకు చిరాకు వేసేది. ఇప్పుడు నేను కూడా ఒక చిన్న వాటా అద్దెకిచ్చుకున్న మనిషిని. శివన్నారాయణ ఆ పాత్రలో మాటను ఆచితూచి, ఒక్కో పదాన్నీ సాగదీసి పలుకుతుంటే, ఈసారి నాకు అద్దె అందని మనిషి ఓపిక వినిపించింది. ఇరవయ్యో వారానికి నా పేజీలో “చెడ్డవాడు” అన్న మాటను కొట్టేసి, పక్కన “బాకీ ఉన్నది వీళ్లు కదా” అని రాసుకున్నాను. సీరియల్ మారలేదు, నేనే మారాను. ముందు రాసి పెట్టుకోకపోతే ఈ మార్పు నాకు తెలిసేదే కాదు. ఎప్పుడూ ఇలాగే అనుకున్నాను అనుకునేదాన్ని.

తెర, సమయం, వరుస

పాత సీరియళ్లను నేటి టీవీల్లో పెట్టినప్పుడు చాలామంది బొమ్మను సాగదీసి తెర నిండా పరుస్తారు. అలా చేయవద్దు. ఆ రోజుల్లో తీసినవి నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటాయి. సాగదీస్తే ముఖాలు అడ్డంగా ఉబ్బుతాయి, హాస్యనటుల కళ్ల కదలిక పాడవుతుంది. టీవీ రిమోట్‌లో బొమ్మ నిష్పత్తి మార్చే చోటుకు వెళ్లి, అసలు కొలతకు తిప్పండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, పది నిమిషాల్లో వాటిని కన్ను మరిచిపోతుంది. అమృతం స్నేహితుడు ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు ముఖాన్ని ఆయన ముఖం ఉన్నట్టే చూడాలి.

వరుస సంగతి కూడా చూసుకోండి. యూట్యూబులో ఎపిసోడ్ పేర్లు, సంఖ్యలు ఎలా ఉన్నాయో ముందుగా ఒకసారి చూసి, ఒక కాగితం మీద సంఖ్యలు వేసుకుని చూసినదాన్ని కొట్టేస్తూ వెళ్లండి. సీరియల్ సాంతం చూడాలనుకునేవాళ్లు ఈ కాగితం లేకుండా దిగవద్దు. మా కాగితం ఫ్రిజ్ తలుపు మీద రెండేళ్లు ఉంది.

ఎన్ని చూడాలి అంటే, నా అభిప్రాయంలో వారానికి మూడు మించవద్దు. ఈ సీరియల్ ఆదివారం ఆదివారం వచ్చేది, ఆరేళ్ల పాటు వారానికి ఒకటి. రాసినవాళ్లు కూడా వారం ఆగి చూసే ప్రేక్షకుడిని మనసులో పెట్టుకునే రాశారు. అమృతం కొత్త ఆలోచనతో వస్తాడు, ఆంజనేయులు మునుగుతాడు, మళ్లీ మొదటికి వస్తారు. ఒక్క రోజులో పది చూస్తే ఇదొక చక్రంలా కనిపించి విసుగు వస్తుంది. వారం గ్యాప్ ఉంటే, పాత స్నేహితుడు మళ్లీ పాత పనే చేశాడన్న సంతోషం వస్తుంది. పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయినవాళ్లలో చాలామంది ఆ పదీ రెండు రోజుల్లో చూసినవాళ్లే.

వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లు కలిసి చూడాలంటే సమయం ముందు తేల్చుకోవాలి. సీరియల్ వచ్చిన రాత్రి వేళకే చూడాలని నాకు ఆశగా ఉండేది. కానీ మన రాత్రి ఎనిమిదిన్నర అంటే మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఒంటి గంటో, రెండో. అందుకే మధ్యాహ్నం రెండింటికి మార్చాము. తమ్ముడికి అది జనవరిలో సాయంత్రం ఏడున్నర, ఏప్రిల్ మొదటి ఆదివారం అక్కడి గడియారాలు వెనక్కి జరిగాక ఆరున్నర, అక్టోబరులో మళ్లీ ఏడున్నర. అమెరికాలో తోబుట్టువులు ఉంటే మన ఆదివారం ఉదయం ఏడు గంటలు ప్రయత్నించండి. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి, భోజనాలయ్యాక తీరిగ్గా ఉండే వేళ. తెరను ఫోనులో పంచుకునే ప్రయత్నం చేయకండి, మాట ఒకచోట బొమ్మ ఒకచోట ఆగుతుంది. ఎవరి ఇంట్లో వాళ్లు ఎపిసోడ్ తెరిచి పెట్టుకుని, ఫోను కలిపి, ఒకటి రెండు మూడు అనుకుని ఒకేసారి నొక్కితే చాలు.

ఇంకొక చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఆ కాలపు ఎపిసోడ్లలో ప్రకటనల విరామం ఎక్కడ వచ్చేదో కథను బట్టి తెలిసిపోతుంది. ఎవరో ఏదో చెప్పబోతుండగా సంగీతం పైకి లేస్తుంది. ప్రకటనలు తీసేసిన వీడియోలో ఆ వెంటనే తర్వాతి సన్నివేశం వచ్చేస్తుంది. అక్కడ మీరే ఆపండి, రెండు నిమిషాలు. మా మాటలన్నీ ఆ రెండు నిమిషాల్లోనే. “ఇప్పుడేమవుతుంది?” అని మా అమ్మాయిని అడిగేవాళ్లము. సీరియల్ ముగిసేనాటికి తనకు ఏడాది వయసు, అందువల్ల తనకు ఏమీ తెలియదు. కొత్తగా చూసేవాళ్లు ఒక్కరైనా పక్కన ఉండటం మీరు చేయగలిగిన మంచి ఏర్పాటు. మనం జ్ఞాపకానికి నవ్వుతాము, వాళ్లు తెరకు నవ్వుతారు. తను నవ్వని చోట నేను నోటుబుక్కులో ఒక చుక్క పెట్టేదాన్ని. కొన్ని చుక్కలు కాలం మారడం వల్ల వచ్చినవి, భార్యల మీద వేసిన చమత్కారాల దగ్గర ఎక్కువ. కొన్ని మాత్రం అప్పుడూ అంత బాగులేవు, ఇష్టం కొద్దీ మేము నవ్వాము, అంతే.

అభిప్రాయం చెప్పే తీరు

మూడు ఎపిసోడ్లు అయ్యాక ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెప్పాలి. “బాగుంది”, “బాగులేదు”, “సూపర్” అనే మాటలు చెల్లవు. ఒక సన్నివేశమో, ఒక చూపో, ఒక మాటో ఉండాలి. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది. తమ్ముడు మూడు వారాలు “అంతా బాగుంది అక్కా” అనే అన్నాడు. ఊరుకోలేదు, మళ్లీ అడిగాను. నాలుగో వారం వాడు, “హోటల్లో పనివాడు సర్వం పాత్ర చేసిన వాసు ఇంటూరి కదలకుండా నిలబడితేనే ఎక్కువ నవ్వు వస్తోంది, ఎందుకో చెప్పలేను” అన్నాడు. అది అభిప్రాయం. ఎందుకో తెలియకపోయినా ఫరవాలేదు, ఎక్కడో తెలిసింది.

అన్నిటికన్నా మంచి వాక్యం అమ్మది. “ఆంజనేయులు ప్రతిసారీ వద్దనే అంటాడు. కానీ చెప్పులు వేసుకుంటూ అంటాడు.” ఆ వాక్యం తర్వాత నేను సీరియల్‌ను వేరుగా చూశాను. అప్పటిదాకా అమృతం కథ అనుకున్నాను. ఆలోచనలు అతనివి కాబట్టి కథ అతనిదే అనిపిస్తుంది. కానీ ఆ ఆలోచనలను వినే ముఖం గుండు హనుమంతరావుది. ముగ్గురు నటులు అమృతంగా మారినా ఎదురుగా ఆ ముఖం ఒక్కటే ఉండబట్టి ఇల్లు ఇల్లులాగే నిలబడింది. మాట్లాడేవాడిని కాక వినేవాడిని చూడండి. ఏ సీరియల్‌ను రెండోసారి చూస్తున్నా ఇది నేను ఇచ్చే మొదటి సలహా. తొలిసారి కథ వెంట పరిగెత్తే కన్నుకు అది అందదు. ఆయన 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 105 ఆదివారాలు ఆయన ముఖం చూశాక, ఆ వెలితి నాకు సొంత మనిషి పోయినట్టే ఉంది.

వాదన వస్తే? తప్పకుండా వస్తుంది. నరేష్ ఉన్న ఎపిసోడ్లే ఉత్తమమని అక్క, హర్షవర్ధన్ వచ్చాకే సీరియల్ స్థిరపడిందని నేను. ఒక ఆదివారం గొంతులు కాస్త పెరిగాయి కూడా. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాము. ఒకే సంగతి మీద రెండోసారి “లేదు” అనే మాట వస్తే మాట్లాడటం ఆపి, ఆ సన్నివేశాన్ని మళ్లీ పెట్టుకోవాలి. సగం వాదనలు అక్కడే తీరిపోతాయి, ఇద్దరిలో ఒకరు గుర్తున్నదాన్ని పట్టుకుని మాట్లాడుతున్నారని తేలుతుంది. మిగతా సగం తీరవలసిన పని లేదు. అక్క ఇంకా నరేష్ వైపే, ఆమె చెప్పిన కారణం నా పుస్తకంలో రాసి ఉంది: నరేష్ అమృతం తన ఆలోచనను తానే మొదట నమ్ముతాడట. అది నేను కాదనలేను.

కొత్తది వచ్చినప్పుడు

దాని కొనసాగింపు ‘అమృతం ద్వితీయం’ 2020 ఉగాది రోజు, మార్చి 25న జీ5లో మొదలైంది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. అమృతంగా హర్షవర్ధన్, ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్. ఆ రోజు సాయంత్రమే ఒక ఎపిసోడ్ చూసి, “ఇది కాదు” అని పక్కన పెట్టేశాను. అన్యాయం చేశానని ఇప్పుడు అంటున్నాను. పాత సీరియల్ మొత్తం చూసి ముగించాక, 2024 జనవరిలో మళ్లీ తెరిచాను. ఈసారి పాతది నా జ్ఞాపకంలో మసకగా కాక, నోటుబుక్కులో స్పష్టంగా ఉంది. అందుకే పోల్చాలన్న ఆరాటం తగ్గింది. ఎల్.బి. శ్రీరామ్ నాటకాల నుంచి వచ్చిన మనిషి, మాట మీద బరువు వేసి నడుపుతారు. గుండు హనుమంతరావు మాటకు ముందు వచ్చే మౌనాన్ని నడిపేవారు. రెండూ వేర్వేరు పనులు. ద్వితీయం నాకు పాతదానంత దగ్గర కాలేదు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను, కానీ దానికి ఆయన కారణం కాదు. 2020లో నేను అడిగింది 2001ని, దాన్ని ఎవరూ ఇవ్వలేరు.

కాబట్టి ఇష్టమైన సీరియల్‌కు కొనసాగింపు వస్తుంటే, ముందు పాతది చూడండి. కొత్తదాని మొదటి మూడు ఎపిసోడ్ల వరకు “పాతదానిలో అయితే” అనే మాట నోట రానివ్వకండి. నాలుగో దాని నుంచి ఎంతైనా పోల్చుకోవచ్చు.

వెబ్ సిరీస్‌లకు ఈ లెక్క కొంచెం వేరు. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ తీసిన రాజ్, డీకే తిరుపతిలో ఇంజినీరింగు చదివినవాళ్లు, ఆ అభిమానంతో మా ఇంట్లో మొదట చూశాము, తర్వాత అందులో నిఘా అధికారి శ్రీకాంత్‌గా చేసిన మనోజ్ బాజ్‌పాయ్ కోసం చూశాము. మొదటి సీజను 2019 సెప్టెంబరు 20న, రెండోది 2021 జూన్ 4న, మూడోది 2025 నవంబరు 21న వచ్చాయి. రెండుకూ మూడుకూ మధ్య నాలుగేళ్లు దాటింది. అన్నేళ్ల తర్వాత నేరుగా మూడోది పెట్టుకుంటే సగం పేర్లు గుర్తుండవు. మొదటి సీజను పది, రెండోది తొమ్మిది, మొత్తం 19 ఎపిసోడ్లు. విడుదల తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టాను. నవంబరు 2 ఆదివారం మొదలుపెట్టి రోజుకు ఒకటి చొప్పున చూస్తే 20వ తేదీ గురువారం రాత్రికి సరిగ్గా ముగిసింది. తేదీ ప్రకటించగానే కాలెండరులో ఇలా వెనక్కి గుర్తు పెట్టుకోండి. తేదీ మారితే నష్టం లేదు, రెండో సీజను కూడా మొదట 2021 ఫిబ్రవరి అన్నారు, జూన్‌లో వచ్చింది.

రెండోసారి చూసేటప్పుడు మూల భాషలో చూడండి. రెండో సీజనులో శ్రీకాంత్ చెన్నై వెళతాడు. అక్కడ హిందీ, తమిళం ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి. డబ్బింగులో అందరూ ఒకే భాష మాట్లాడితే ఆ దూరం చెవికి అందదు. సమంత చేసిన తమిళ పోరాట యోధురాలు రాజీ పాత్ర ఎంత తక్కువ మాట్లాడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. శ్రీకాంత్‌కు సాయం చేసే మాజీ నిఘా అధికారి చెల్లం సార్ కనిపించేది కొద్దిసేపే, అయినా అభిమానులు ఆయనను ఎందుకు అంతగా పట్టుకున్నారో నాకు మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. అందరూ తడబడుతున్న కథలో ఆయన ఒక్కడే అడిగినదానికి నేరుగా జవాబు చెబుతాడు.

ట్రైలరు రెండుసార్లకు మించి చూడకండి. మొదటిసారి ఊరికే, రెండోసారి ప్రశ్నలు రాసుకోవడానికి. పదిసార్లు చూస్తే మనమే ఒక కథ అల్లుకుంటాము, తర్వాత అసలు కథ మన కథలా లేదని కోపగించుకుంటాము.

చివరగా కవరు. కొత్త సీజనుకు ముందు ఒక్కొక్కరు ఒక చీటీ మీద రెండు వరుసలు రాస్తారు. పైన: ఏమి జరుగుతుందని అనుకుంటున్నాను. కింద: ఏమి జరగాలని కోరుకుంటున్నాను. ఈ రెంటినీ కలపకూడదు. మూడో సీజను కోసం నేను రాసిన రెండు వరుసలూ లోనావాలా గురించే, ఆ ఊళ్లో శ్రీకాంత్ భార్య సుచిత్ర, ఆమె సహోద్యోగి అరవింద్‌ల మధ్య ఏమి జరిగిందన్నది మొదటి సీజను నుంచి అభిమానులను వదలని ప్రశ్న. తమ్ముడు అంతా తుపాకుల గురించి రాశాడు. అమ్మ అయితే ముందుగా, శ్రీకాంత్ సహోద్యోగి జేకే గురించి అడిగి, “జేకేకు ఏమీ కాదు కదా, అది చెప్పండి, అప్పుడు చూస్తాను” అంది. అలా తెలిసి చూడాలనుకునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. వాళ్లకు విడిగా, వంటింట్లోకి తీసుకెళ్లి చెప్పండి. వాళ్ల కోసం మిగతావాళ్ల ఆట పాడుచేయవద్దు, మిగతావాళ్ల కోసం వాళ్లను భయపెట్టవద్దు.

మూడో సీజను కథను నడిమధ్యలో తెంచి ఆపింది. అక్కకు కోపం వచ్చింది, నాకు కొత్త చీటీలు రాయాలనిపించింది. ఆ రాత్రే రాశాము. మెల్‌బోర్న్ నుంచి తమ్ముడు ఫోనులో చెప్పినదాన్ని మా అమ్మాయి చూడకుండా రాసి మడిచింది, ఎలాగో నాకు తెలియదు కానీ కళ్లు మూసుకునే రాశానంటుంది. ఐదు చీటీలూ పసుపు రంగు కవరులో వేసి, తర్వాతి సీజను వచ్చిన రోజు తెరవాలని పైన రాసి, బీరువాలో అమ్మ పట్టుచీరల కింద పెట్టాము. అమ్మ తన చీటీని ఎనిమిది మడతలు వేసింది. జేకే పేరు అందులో తప్పకుండా ఉంటుంది.